స్విచ్‌తో పొదుపుగా మాట్లాడటం

సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లు అనుకోండి. వేబ్రిడ్జి దగ్గర వడ్ల లారీలు బారులు తీరి ఉన్నాయి, కంప్యూటర్‌కు నెట్ ఆగిపోయింది. "సార్, నెట్ వస్తలేదు" అని హైదరాబాద్‌కు ఫోన్. రాజీవ్ రహదారి మీద బయల్దేరితే మూడు గంటలు దాటుతుంది. మిల్లులోని సిస్కో నెట్‌వర్క్ స్విచ్‌లోకి లాగిన్ కావటానికి నిమిషం చాలు.

లోపల బొమ్మలుండవు. నల్ల తెర, స్విచ్ పేరు, పక్కన హ్యాష్ గుర్తు, అంతే. ఇక్కడ ఏం కొట్టాలో తెలియకపోతే ప్రశ్నార్థకం కొట్టాలి. తర్వాత ఏ మాట రావచ్చో స్విచ్చే చెబుతుంది. 1984లో స్టాన్‌ఫర్డ్ మనుషులు పెట్టిన సిస్కోకు ఈ సౌకర్యం పాత డెక్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ టాప్స్-20 నుంచి వచ్చింది. అమీర్‌పేటలో సిస్కో సర్టిఫికెట్ సీసీఎన్ఏ కోసం నేర్చుకునే కుర్రాళ్లు కమాండ్లు బట్టీపడుతుంటారు. పరీక్షకు అది పనికొస్తుందేమో గానీ, పనిలో ప్రశ్నార్థకానికీ ట్యాబ్ మీటకూ ఉన్న విలువ బట్టీకి లేదు.

కమాండ్ మొత్తం కొట్టనక్కర్లేదు కూడా. ఇంకో కమాండ్‌తో కలవనంత వరకు కొడితే సరి. 'కాన్ఫిగర్ టెర్మినల్' అనటానికి 'కాన్ఫ్ టీ' చాలు. 'కాన్' దగ్గరే ఆపితే 'కనెక్ట్' కూడా అలాగే మొదలవుతుంది కనుక, రెండింట్లో ఏదో తేల్చమంటుంది.

అయితే వేళ్ల వేగం చిన్న విషయం. అసలు పొదుపు చదవటంలో ఉంది. 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్' కొడితే 48 పోర్టుల స్విచ్‌లో 48 వరుసలకు పైనే వచ్చి పడతాయి. దాని చివర నిలువు గీత పెట్టి 'ఇంక్లూడ్ ఎర్ర్' అని చేరిస్తే, తప్పు కనబడి స్విచ్ తనంతట తాను మూసేసిన పోర్టులే తెర మీద మిగులుతాయి. మన మిల్లులో జరిగిందీ అదే: ఎవరో ఇంకో చిన్న స్విచ్ తెచ్చి గుచ్చారు, పోర్ట్ సెక్యూరిటీ ఊరుకోలేదు. దాన్ని పీకించి, పోర్టును 'షట్', 'నో షట్' చేస్తే లారీలు కదులుతాయి. ఇంక్లూడ్‌తో ఒక జాగ్రత్త: ఇంగ్లిష్ పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ దానికి వేర్వేరు.

చూడటం వరకు నష్టం లేదు. మార్చేటప్పుడే భయం. పల్లెలకు ఫైబర్ వస్తున్నకొద్దీ మనిషి ఒకచోట, స్విచ్ ఇంకోచోట ఉండటం మామూలైపోతోంది. 2024 డిసెంబర్‌లో మొదలైన తెలంగాణ టీ-ఫైబర్ పైలట్ గ్రామాల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ కూడా ఉంది. ఇంత దూరంలో ఒక్క మాట మరచినా దెబ్బే. చాలా వీలాన్లను, అంటే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లను, కలిపి మోసే ట్రంక్ పోర్టులో ఇప్పటికే అనుమతించినవాటికి 30వ నంబరును కలపాలంటే 'అలౌడ్ వీలాన్ యాడ్ 30' అనాలి. 'యాడ్' మరిస్తే 30 ఒక్కటే మిగిలి, తక్కినవన్నీ పోతాయి. లాగిన్ అయిన దారి వాటిలోనే ఉంటే, కొట్టినవాడు ఆ క్షణమే బయటపడతాడు.

అందుకే అనుభవజ్ఞులు మార్పుకు ముందే 'రీలోడ్ ఇన్ 10' కొడతారు. దారి తెగితే పది నిమిషాలకు స్విచ్ తిరిగి లేచి, పాత కాన్ఫిగరేషన్‌తో పనిచేస్తుంది. నడుస్తున్న మిల్లులో ఇది మొరటు పద్ధతే, లేచేదాకా అన్ని పోర్టులూ ఆగుతాయి. జూనిపర్ పరికరాల్లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఇంతకంటే నయం, రీబూట్ లేకుండానే మార్పును వెనక్కి తీసుకుంటుంది. సిస్కోలో మాత్రం వరుస తప్పకూడదు: మార్పు సరిగ్గా ఉందని చూసుకుని, 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, ఆ తర్వాతే 'రైట్ మెమరీ'. ముందే సేవ్ చేసేస్తే, స్విచ్ లేచాక మళ్లీ ఆ తప్పుతోనే లేస్తుంది.