అభిమాని – సహృదయుడు: డేవిడ్ గిల్మర్ గిటార్ వాదనం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

'అభిమాని' అన్న మాట తెలుగులో ఎక్కువగా సినీతారల పేర్ల వెంట వినిపిస్తుంది. అందువల్ల ఆ మాట వినగానే ఇష్టం కంటే ఆర్భాటమే ముందుగా స్ఫురిస్తుంది. 'సహృదయుడు' అన్న పదానికి మాత్రం అలంకారశాస్త్రం గౌరవస్థానం ఇచ్చింది. కావ్యాలను పదేపదే అనుశీలించడం వల్ల మనస్సు అద్దంలా నిర్మలమై, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగల యోగ్యత పొందినవాడే సహృదయుడని అభినవగుప్తుడు 'లోచనం'లో నిర్వచించాడు. ఈ నిర్వచనంలో అభ్యాసానిదే ప్రధాన స్థానం. ఒకే ఆల్బమ్‌ను ఏళ్ల తరబడి వినే రాక్ సంగీతాభిమానికీ ఆ అభ్యాసం ఉంది. అది అతణ్ని సహృదయుణ్ని చేస్తుందా, ఆరాధకుడిగానే నిలిపివేస్తుందా అన్నది ప్రశ్న. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌లో డేవిడ్ గిల్మర్ గిటార్‌కు ఖ్యాతి తెచ్చిన రెండు రచనల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

నాలుగు స్వరాలు

1975లో వెలువడిన 'విష్ యు వర్ హియర్' ఆల్బమ్ 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'తో మొదలై దానితోనే ముగుస్తుంది. తొమ్మిది భాగాల ఈ రచనను రెండుగా విడదీసి ఆల్బమ్ ఆద్యంతాల్లో నిలిపారు. మొదటి 8 నిమిషాలకు పైగా గాత్రం వినిపించదు. రిచర్డ్ రైట్ సింథసైజర్ పరచిన సుదీర్ఘనాదం మీద గిటార్ తొందరపడకుండా పలుకుతుంది. దాదాపు 4 నిమిషాల తరువాత ఆ నాదం సద్దుమణిగి, నాలుగు స్వరాలు మాత్రం ఒంటరిగా వినిపిస్తాయి.

అభిమానులు రచనకంతటికీ ప్రాణంగా భావించేది ఈ నాలుగు స్వరాలనే. అందుకు కారణాన్ని కర్ణాటక సంగీత పరిభాషలో వివరించవచ్చు. రచనకు ఆధారమైన 'జి' స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే అవి వరుసగా సాధారణ గాంధారం, కైశికి నిషాదం, షడ్జమం, చతుశ్శ్రుతి ధైవతం. అంతకుముందు స్వరమేళనంలో వినిపించినది శుద్ధ ధైవతం. మొదటి మూడు స్వరాలూ చెవికి అలవాటైన పరిధిలోనే ఉంటాయి. నాలుగోది ఆ పరిధిని దాటుతుంది. నఠభైరవి స్వరస్థానాలకు అలవాటుపడిన చెవికి హఠాత్తుగా ఖరహరప్రియ ధైవతం తగులుతుంది. ఇది రాగాల పోలిక కాదు, స్వరస్థానాల పోలిక మాత్రమే. షడ్జమం చేరిన తరువాత దొరకవలసిన విశ్రాంతి దొరకదు. వాచ్యంగా ఏమీ చెప్పకుండా వెలితిని స్ఫురింపజేసే ఈ పద్ధతి ధ్వనికి సన్నిహితమైనది.

కథ – స్వరం

ఈ రచనకు వస్తువు బృంద స్థాపకుల్లో ఒకడైన సిడ్ బారెట్. మానసికస్థితి క్షీణించడంతో అతడు 1968లో బృందానికి దూరమయ్యాడు. అతని స్థానంలో గిటార్ అందుకున్నవాడే గిల్మర్. 1975 జూన్ 5న లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఈ రచనపై పని జరుగుతుండగా బారెట్ అక్కడికి వచ్చాడు. రూపం పూర్తిగా మారిపోవడంతో పాత మిత్రులే అతణ్ని వెంటనే గుర్తుపట్టలేకపోయారు.

అభిమానులు తరచుగా చెప్పుకునే ఈ సంఘటన విన్నవారికి, నాలుగు స్వరాల విషాదం అక్కడి నుంచే పుట్టిందనిపిస్తుంది. కాని బృందం ఈ రచనను 1974లోనే వేదికల మీద వినిపించింది. కాబట్టి ఆ సంఘటన స్వరానికి కారణం కాజాలదు. కథ తెలియని శ్రోతకు కూడా వెలితి వినిపిస్తుంది. తెలిసిన శ్రోతకు ఆ వెలితికి ఒక ఆలంబనం దొరుకుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేకపోవడం అభిమానంలోని మొదటి పరిమితి. కవి జీవితంతోనే కావ్యాన్ని వివరించబోయే సాహిత్య విమర్శకూ ఇదే పరిమితి ఉంది.

ఆశువు – పరిష్కరణ

'ద వాల్' (1979) ఆల్బమ్‌లోని 'కంఫర్టబ్లీ నమ్'లో రెండు గిటార్ సోలోలు ఉన్నాయి. వైణికుడు తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే, గిల్మర్ తీగను మెట్టు మీద అడ్డంగా సాగదీసి ఒక స్వరం నుంచి మరొక స్వరానికి చేరతాడు. ఆ ఆవేశం విని రెండో సోలోను ఆశుధారగా ఊహించే అభిమానులున్నారు. వాస్తవానికి అయిదారు సార్లు వాయించి, వాటిలోని మేలైన ఖండాలను ఏరి కూర్చినట్టు గిల్మరే చెప్పాడు. అంటే వినిపించే ఆవేశం వెనుక పాఠపరిష్కర్త వివేకం ఉంది.

రెండో సోలోను పాట నుంచి విడదీసి 'అత్యుత్తమ సోలో'ల జాబితాల్లో చేర్చడం మరొక అలవాటు. పాటలో వైద్యుడి మాటలైన చరణాలను రోజర్ వాటర్స్ పాడగా, స్పర్శ కోల్పోయిన గాయకుడు పింక్ మాటలైన పల్లవిని గిల్మర్ పాడాడు. మొదటి సోలో పల్లవి స్వరమేళనం మీద, రెండోది చరణం స్వరమేళనం మీద నడుస్తాయి. పల్లవి పాడినవాడి గిటారే చివరకు వైద్యుడి భూమిక మీద నిలిచి పలుకుతున్నది. మాటల్లో తనకు బాధ తెలియడం లేదన్నవాడి బాధ ఆ స్థలంలో మాటలు లేకుండా బయటపడుతుందని వ్యాఖ్యానించవచ్చు. జాబితా ఈ సంబంధాన్ని చూపలేదు.

ముగింపు

ఈ రెండు రచనల్లోనూ గిల్మర్ వాయించిన నల్లని స్ట్రాటోకాస్టర్ గిటార్ 2019 జూన్‌లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ సొమ్ము పర్యావరణ పరిరక్షణకు వెళ్లింది. ధర పలికినది వాద్యం. వాదనంలోని వివేకం ఆ ధరలో కనిపించదు. అభిమానం వస్తువు వైపు, కథ వైపు, జాబితా వైపు మళ్లినప్పుడు ఆరాధనగా మిగులుతుంది. నాలుగో స్వరం ఎందుకు కలవరపెడుతున్నదో, రెండో సోలో ఆ చోటనే ఎందుకు వచ్చిందో అడిగినప్పుడు సహృదయతగా పరిణమిస్తుంది.

తెలుగులో పాటపై విమర్శ ఎక్కువగా సాహిత్యభాగం చుట్టూనే సాగుతున్నది. మాట లేని చోట అర్థాన్ని వినే అభ్యాసం అభిమానికి ఉంది, దానిని వివరించే పరిభాష లేదు. పరిభాష ఉన్న పరిశోధకునికి ఆ వినికిడి కావాలి. పాటను సమగ్రంగా పరిశీలించదలచిన విమర్శకు ఈ రెండూ అవసరం.