ఉసిరి చెట్టు కింద ఏ పొయ్యి?

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా మేనకోడలు పోయిన ఆదివారం ఓ వీడియో పంపింది. మర్రే నది ఒడ్డున, ఎచూకా అనే ఊరి దగ్గర కేరవాన్ ఆపుకున్నారు. దాని వెనక ఓ మడత బల్ల, బల్ల మీద చిన్న గ్యాస్ గ్రిల్లు. మూత ఎత్తి చూపించింది. నూనె రాసిన వంకాయలు, తొక్క నల్లబడి, పొట్టలు కుంగి, పగుళ్ళలోంచి రసం కారుతూ ఉన్నాయి. "చూశావా అత్తా, పొగ వాసన కూడా వచ్చింది. నీ కట్టెల పొయ్యి అక్కర్లేదు" అంది.

వంకాయల్ని చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ ఆఖరి మాట మాత్రం గుచ్చుకుంది.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి నా పంతాలు కొత్త కాదు. పప్పు కట్టెల మీద ఉడకాలి, వంకాయ నిప్పుల్లో కాలాలి, పాలు దాలిలో పిడకల సెగకి ఎర్రబడాలి. సరుగుడు కట్టె చురుగ్గా మండుతుందనీ, తుమ్మ నిప్పులు చాలాసేపు నిలుస్తాయనీ ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. ఆ రుచి భ్రమ కాదు. చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వేడికి అది విరిగినప్పుడు పుట్టే గ్వయకాల్ లాంటివి పొగలో కలిసి గిన్నెలోకి దిగుతాయి. గ్యాసులో లిగ్నిన్ ఎక్కడిది? ప్రొపేనూ బ్యూటేనూ పూర్తిగా మండితే మిగిలేది నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్. మరి ఈ పిల్లకి పొగ వాసన ఎక్కణ్నుంచి వచ్చినట్టు? అది తేల్చుకుందామనే ఫోన్ చేశాను.

వివరంగా చెప్పింది. ముందు మూత వేసి, మంట పెద్దది చేసి, పది పదిహేను నిమిషాలు గ్రిల్లుని ఖాళీగా కాగనిస్తుందట. ఊచలు పోత ఇనుము కనక వేడిని బాగా పట్టుకుంటాయి. అప్పుడు వంకాయ పెడితే తొక్క ఊచలకి తగిలిన చోట మాడుతుంది. కారిన రసమూ నూనె చుక్కలూ కింద కాలుతున్న లోహం మీద పడి చుర్రుమని పొగవుతాయి. ఆ పొగని మూత బయటికి పోనివ్వదు. మాంసం కాల్చేవాళ్ళు మురిసిపోయే గ్రిల్ రుచిలో కూడా చాలా భాగం ఈ చుక్కలదే. బాగా రాజుకున్న బొగ్గు తనంతట తాను వదిలే పొగ తక్కువ. అంటే ఆమె గొప్పకి పోయి అన్న మాట కాదది. కట్టె పొగ కాకపోవచ్చు గానీ, వంకాయ తన పొగ తనే పెట్టుకుంది.

"నది ఒడ్డు కదా, గాలి లేదా?" అన్నాను.

"బోలెడంత గాలి. మూతుందిగా!"

మూతతో గాలిని కట్టడి చేసినవాళ్ళలో ఒకడు జార్జ్ స్టీఫెన్. చికాగోలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కర్మాగారంలో ఉండేవాడు. ఇంటి పెరట్లో ఇటుకలతో కట్టుకున్న పొయ్యి గాలికీ పొగకీ సతాయిస్తుంటే విసిగిపోయాడు. పడవలకి దారి చూపేందుకు నీళ్ళలో తేల్చే లోహపు గోళాలు ఆ కర్మాగారంలో తయారయ్యేవి. 1952లో అలాంటి గోళాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేయించి, కింది దాంట్లో బొగ్గు పోసి, పై దాన్ని మూతగా పెట్టాడు. మా మేనకోడలి గ్రిల్లు ఆ కంపెనీదే. బేబీ క్యూ అంటారు. ఆస్ట్రేలియాలో కేరవాన్ల వెంట తరచుగా కనిపిస్తుంది.

గాలి మాట వచ్చేసరికి నా మనసు యాత్ర బస్సు మీదికి పోయింది. మా చిన్నతనంలో దాళ్వా కోతలయ్యాక గోదావరి జిల్లాల నుంచి బస్సులు బయల్దేరేవి. ప్రయాగ, కాశీ, గయ, ఇంకా ఓపికా డబ్బూ ఉంటే హరిద్వారం, బదరీ. అమ్మమ్మ ఒళ్ళో సగం, సీటు మీద సగం కూర్చుని వెళ్ళాను నేను. టాపు మీద బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు, వాసెన కట్టిన ఆవకాయ జాడీలు, దేగిసాలు, పెద్ద బర్నర్ల పొయ్యిలు. వంటాయన, ఆయనకి ఇద్దరు సాయం. మన కేరవాన్ అదే. పరుపులూ తెరలూ లేవు గానీ, ఇల్లు మొత్తం చక్రాల మీద కదిలేది.

బస్సు ఆగగానే ఆ వంటాయన ముందు పొయ్యి దింపేవాడు కాదు. గుప్పెడు దుమ్ము తీసి, చెయ్యెత్తి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచేవాడు. దుమ్ము ఎటు వాలిందో చూసి డ్రైవరుతో చెప్పి బస్సుని గాలికి అడ్డంగా పెట్టించేవాడు. బస్సే గోడ. ఆ చాటున, బస్సుకి బాగా ఎడంగా పొయ్యి. దాని చుట్టూ మూడు వైపులా రేకులు. నాలుగో వైపు ఎప్పుడూ మూసేవాడు కాదు. సిలిండరు రేకుల లోపల ఉండకూడదు. గొట్టం పొడుగంతా లాగి దూరంగా, నిటారుగా నిలబెట్టేవాడు. వేడి తిరిగొచ్చి దానికి తగలకూడదట. గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమోనని వంగి చూసేవాడు. గ్యాసు గాలికన్నా బరువు, కారితే పైకి పోదు, పామల్లే నేల పట్టుకుని పోతుందని పిల్లలకి చెప్పేవాడు. బస్సు మెట్ల దిగువనా, పల్లపు చోటా పొయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఎంత వాన వచ్చినా బస్సులో స్టవ్ వెలిగించనిచ్చేవాడు కాదు. అటుకులు నానబెట్టి పెట్టేవాడు.

ఆ ఖచ్చితం విలువ ఏమిటో 2023 ఆగస్టు 26న మదురైలో తెలిసింది. లక్నో నుంచి వచ్చిన యాత్రికుల రైలుపెట్టె యార్డులో ఆగి ఉంది. నిషేధం ఉన్నా లోపలికి తెచ్చిన సిలిండరుతో తెల్లవారుజామున పొయ్యి వెలిగించబోతే మంటలు అంటుకుని తొమ్మిది మంది పోయారు. మూసిన పెట్టెలో ఈ మంటకి చోటు లేదు. చలేస్తోందనో వానొస్తోందనో గ్రిల్లుని కేరవాన్‌లోకో టెంట్‌లోకో తీసుకుపోయేవాళ్ళకీ ఇదే మాట. మంట అంటుకోకపోయినా కార్బన్ మోనాక్సైడ్ చాలు, దానికి వాసనుండదు.

ఊళ్ళో పెళ్ళిళ్ళకి గాడిపొయ్యి తవ్వించేదీ ఆ వంటాయనే. అక్కడ లెక్క తిరగబడేది. గాడికి గాలి వచ్చే వైపు నోరు పెట్టించేవాడు. కట్టెకి గాలి మేత. గాలి తగిలిన కొద్దీ రాజుకుంటుంది. గ్యాసు మంట తనకి కావలసిన గాలిని బర్నరు దగ్గరున్న కంతలోంచి తనే లాక్కుంటుంది. పక్కనుంచి వీచే గాలి దాన్ని వాలుస్తుంది, ఆర్పుతుంది, గిన్నెకి తగలాల్సిన వేడిని పొలాల మీదికి తోలుతుంది. ఒకే మనిషి, ఒకే చేతులు, ఒక పొయ్యికి గాలిని పిలిచి రెండో పొయ్యికి గాలిని ఆపడం. వంట తెలియడమంటే గరిటె తిప్పడం ఒక్కటే కాదని నాకు అక్కడే అర్థమైంది.

బదరీలో ఇంకో పాఠం. అది సముద్రమట్టానికి 3,100 మీటర్ల ఎత్తు. నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. దేగిసాలో కందిపప్పు తెర్లుతున్నట్టే ఉంటుంది, నొక్కి చూస్తే బద్ద బద్దగానే ఉంటుంది. వంటాయన జోషీమఠ్‌లో ముందు రాత్రే పెసరపప్పు నానబోసి, పైకి వెళ్ళాక కుక్కర్లలో పెట్టాడు. కందిపప్పు లేదేమని అడిగినవాళ్ళకి కిందికి దిగాక పెడతానన్నాడు. ఎత్తుతో పాటు చలి సంగతి కూడా ఉంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం దాదాపు మానేస్తుంది. ప్రొపేన్ అయితే మైనస్ 42 దాకా పనిచేస్తుంది. డిసెంబరులో లంబసింగి వెళ్ళి, తెల్లారకుండా టెంటు ముందు బ్యూటేన్ డబ్బా పొయ్యితో టీ పెట్టబోయేవాళ్ళు మంట సన్నగిల్లిందని కంగారు పడతారు. పొయ్యి చెడిపోలేదు, డబ్బా చల్లబడింది. అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని వెచ్చబెడితే సరిపోతుంది. మంటకి మాత్రం చూపించొద్దు.

ఈ బస్సులకి పూర్వం సంగతి తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, వంద మంది దాకా పరివారంతో కాశీ దాకా వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్ళకి గుర్తుంటుంది: మజిలీ మజిలీకీ దూరమెంత, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ పోతాడు. ఇంతకుముందు చదివినప్పుడు ఆయన శ్రద్ధకి మురిసిపోయేదాన్ని. ఈ వారం మళ్ళీ తిరగేస్తుంటే ఇంకోటి తోచింది. అంతమందికి రెండు పూటలా వంటకి ఎన్ని మోపుల కట్టెలు కావాలి? అన్నీ ఆ మజిలీ ఇవ్వాల్సిందే. మా యాత్ర బస్సు ఆగిన ఊరిని నీళ్ళు అడిగేది, కూరలు కొనుక్కునేది. కట్టె పుల్ల అడగలేదు. వెళ్ళిపోయాక ఆ మామిడితోపులో మూడు నల్లరాళ్ళు కూడా మిగిలేవి కావు.

రాళ్ళంటే గుర్తొచ్చింది. మా ఊరి చివర ఓ తోటలో ఏటా వనభోజనాలు జరిగే ఉసిరి చెట్టుంది. కార్తీకం రాబోతోంది కదా, ఎలా ఉందో చూద్దామని ఈ మధ్య వెళ్ళాను. మొదట్లోనే పొయ్యిరాళ్ళు, బూడిద. ఆ వైపు బెరడు నల్లబడి పెచ్చులుగా ఊడింది. పైన అటువైపు కొమ్మలు ఎండిపోయాయి. చెట్టు తిండి లాక్కునే సన్నటి వేళ్ళు నేల పైపొరల్లోనే ఉంటాయి. బెరడు కింద పెరిగే పొర బహు పల్చన, సెగకి ఉడికిపోయిందంటే ఆ వైపు చెట్టు చచ్చినట్టే. పసుపూ కుంకుమా పెట్టి, దీపం వెలిగించి, ప్రదక్షిణలు చేసి, ఆ చెట్టు కాళ్ళ దగ్గరే నిప్పు పెడుతున్నాం. కార్తీకంలో నేల తడిగా ఉంటుంది, అడవి అంటుకోదు, నిజమే. మాఘం దాటాక ఎండుటాకులు పరుచుకున్న నల్లమలలో పిక్నిక్ పొయ్యి రాజేస్తే అంటుకుంటుంది. కట్టెకి మేత అన్నానే, ఆ గాలే నిప్పురవ్వల్ని మోసుకుపోతుంది. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరమని చట్టం ఊరికే అనలేదు.

ఆ చెట్టు ఫోటో పంపితే మా మేనకోడలు మళ్ళీ ఫోన్ చేసింది. మర్రే ఒడ్డునంతా రెడ్‌గమ్ చెట్లు. ఆ కట్టె నిప్పులు రాత్రంతా ఉంటాయట, అక్కడివాళ్ళకి దాని మీద మనకి తుమ్మ మీద ఉన్నంత మక్కువ. కానీ చాలా జాతీయ వనాల్లో రాలిన కొమ్మ కూడా ఏరుకోకూడదు, పడిపోయిన దుంగల తొర్రల్లో చిన్న ప్రాణులు కాపురం ఉంటాయి. ఎండాకాలంలో టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజైతే ఆరుబయట కట్టె ముట్టించడమే నేరం. ఎందుకుండదు? 2009 ఫిబ్రవరి 7న ఆ విక్టోరియాలోనే కార్చిచ్చుల్లో 173 మంది చనిపోయారు. "గ్రిల్లు రుచి కోసం కొనలేదత్తా. ఇక్కడ నిప్పంటే భయం" అంది.

నా పంతాల్లో ఏదీ వదులుకోను. కట్టె మీద పప్పుకి సాటి లేదు, దాలిపాల మీగడకి సాటి లేదు. అవి పెరట్లో ఉండాలి. అక్కడ కట్టె మనం నరికించిన కొమ్మది, బూడిద మన అంట్లకీ మన కూరపాదులకీ పనికొస్తుంది, నిప్పు ఆరిందో లేదో రాత్రి లేచి చూసేదీ మనమే. అడవికీ, తోటకీ, నది ఒడ్డుకీ అతిథులుగా వెళ్ళినప్పుడు మాత్రం గ్యాసే తీసుకెళ్ళాలి. కట్టెల పొయ్యి లేనిదే వనభోజనం కాదని ఇదే కాలమ్‌లో వాదించిన నేను ఇప్పుడు ఆ చెట్టు పక్షాన ఉన్నాను.

ఈ కార్తీకానికి మా వీధివాళ్ళతో మాట్లాడేశాను. పులిహోర, కందిపొడి, దప్పళం ముక్కలు ఇంటి దగ్గరే సిద్ధం. అక్కడ వండేది అన్నం, దప్పళం, వేడివేడి బూరెలు. ఇండేన్ వాళ్ళ 5 కిలోల సిలిండరు, అదే ఛోటూ, దాని మీద దప్పళం. అన్నానికి పెద్దది. పొయ్యిలు ఉసిరి నీడకి అవతల, వ్యాను అడ్డం పెట్టి, మూడు వైపులా రేకులు. విస్తర్లు మాత్రం చెట్టు కిందే. బూరెల మూకుడు దగ్గర ఇంకో రేకు ఉండాలని కుర్రాళ్ళకి మరీ మరీ చెప్పాను. గాలి కొట్టి నూనె కాక తగ్గిందంటే తోపు పగిలి పూర్ణం మూకుట్లోకి వచ్చేస్తుంది.