కోఠీ మిగిలింది, రంగ్‌మహల్ ఏదీ?

కోఠీ ఉమెన్స్ కాలేజీలో నేను డిగ్రీ చదివిన మూడేళ్లూ మా మధ్యాహ్నాలు ఆ పెద్ద మెట్ల మీదే గడిచాయి. అటొక సింహం, ఇటొక సింహం, మధ్యలో మేం. టిఫిన్ డబ్బాలు విప్పుకుని, ఒకరి పచ్చడి ఒకరికి పెట్టుకుని, సుల్తాన్‌బజార్‌లో గాజులు కొనడానికి ఎప్పుడు వెళ్దామా అని మాట్లాడుకునేవాళ్లం. ఆ మెట్లు ఎవరు కట్టించారో, వాటి మీద ఎవరు నడిచారో, ఎవరు నడవలేకపోయారో నేను ఎవరినీ అడగలేదు. 'బ్రిటిష్ వాళ్ల బిల్డింగ్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. మేం కూర్చున్న ఆ భవనం వెనక ఒక స్త్రీ ఇల్లు ఉండేదనీ, దాన్ని కూల్చేశారనీ నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. అప్పటికి నేను సాహిత్య పాఠాలు చెప్పడం మొదలుపెట్టి కూడా చాలా కాలమైంది.

ఈ రోజు కోఠీ అంటే నగరం నడిబొడ్డు. కానీ రెండు వందల ఏళ్ల క్రితం అది ఊరి బయట. గోడల లోపలి హైదరాబాద్ మూసీకి దక్షిణాన ఉంటే, చాదర్‌ఘాట్ వైపు అవతలి ఒడ్డు శివారు. ఈస్టిండియా కంపెనీ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం మొదట్లో అక్కడ ఈ మహాభవనం కట్టించాడు. ఖర్చు నిజాం ఖజానాది, ప్లాను మద్రాసు ఇంజనీర్ శామ్యూల్ రస్సెల్‌ది, ముఖద్వారం పైన చిహ్నం కంపెనీది. భవనం చుట్టూ బజార్లు పెరిగాయి. రెసిడెన్సీ బజార్లు అనే పేరుతో అవి బ్రిటిష్ అధికారం కింద ఉండి 1933లో నిజాంకి తిరిగి వచ్చాయి. సుల్తాన్‌బజార్ అనే పేరు అప్పటిదే. కోఠీ అంటే పెద్ద భవంతి. ఒక మగవాడి ఇల్లే పేటకి పేరైపోయింది.

ఆ భవనం వెనక రంగ్‌మహల్ ఉండేది. అది ఖైరున్నీసా బేగం జనానా. ఆమె హైదరాబాద్ ఉన్నత వంశపు పిల్ల. పెళ్లినాటికి ఇంకా టీనేజి. అతను ముప్ఫై అయిదేళ్లవాడు. విలియం డాల్‌రింపుల్ 2002లో 'వైట్ మొగల్స్' రాసిన తర్వాత ఈ కథ లోకానికంతా తెలిసింది. ఆ పుస్తకానికి నేను రుణపడి ఉన్నాను. అది రాకపోతే ఆమె పేరు నాకు తెలిసేది కాదు. అయినా చదువుతున్నంతసేపూ ఒక ఇబ్బంది వెంటాడింది. పేరులోనే తెలిసిపోతుంది అది ఎవరి కథో. మొగలాయీ వేషం వేసుకున్న తెల్ల మగవాళ్ల కథ. ఖైరున్నీసా మనకి ఎక్కువగా కిర్క్‌పాట్రిక్ ఉత్తరాల్లోంచి, అతని తర్వాత హెన్రీ రస్సెల్ ఉత్తరాల్లోంచే కనిపిస్తుంది. ఆమెని ప్రేమించినవాడు చెప్తే ఒక రకంగా, వదిలేసినవాడు చెప్తే మరో రకంగా వింటాం. ఆమె ఏమనుకుందో వినం.

ఈ ఇంటి గురించి రాసేవాళ్లంతా ముచ్చటగా చెప్పే సంగతి ఒకటుంది. పరదాలో ఉండే బేగం ముందు వైపుకి వచ్చి భవనాన్ని చూడలేదు కాబట్టి, ఆమె కోసం కిర్క్‌పాట్రిక్ దాని చిన్న నమూనా చేయించి జనానా తోటలో పెట్టించాడట. ఎంత ప్రేమ అని మురిసిపోతారు. నాకు మాత్రం అది చాలా దుఃఖం కలిగించే వస్తువు. భర్త ఇంటి ముఖాన్ని బొమ్మలో తప్ప చూడలేని భార్య! 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. అదే ఏడు కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. కూతురు కిట్టీని ఆమె మళ్లీ చూడలేదు. కలకత్తాలో చేరదీసిన రస్సెల్ తర్వాత వదిలేశాడు. హైదరాబాద్‌కి తిరిగి రావడానికి అనుమతి లేక మచిలీపట్నంలో ఉండాల్సి వచ్చింది. 1813లో ఆమె పోయింది. ఇందులో ప్రేమ లేదని నేను అనను. కానీ దీన్ని ప్రేమకథగా మాత్రమే చదివితే, పిల్లల మీద హక్కు, ఊరి మీద హక్కు, చివరికి కంటి చూపు మీద హక్కు ఎవరివన్న ప్రశ్న అడగకుండానే పుస్తకం మూసేస్తాం.

రంగ్‌మహల్‌ని 1860 ప్రాంతంలో మరో రెసిడెంట్ కూల్పించాడు. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసి మూడేళ్లవుతోంది. ఒక రెసిడెంట్ ఇక్కడి స్త్రీని పెళ్లాడి, ఇక్కడి మనిషిలా బతికాడన్న గుర్తు ఆ తర్వాతి పాలకులకి సిగ్గుగా ఉండి ఉంటుంది. దర్బారు హాలు సిగ్గు కాలేదు, ఆడవాళ్ల ఇల్లే సిగ్గయింది!

ఈ కళ్లతో చుట్టుపక్కల చూడటం మొదలుపెడితే ఆ పేటలోని మిగిలిన ఇళ్లు కూడా వేరే రకంగా కనిపిస్తాయి. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో రావిచెట్టు రంగారావు గారింట్లో పుట్టిందని మనందరికీ తెలుసు. ఆయన పోయాక సొంత భవనం కోసం విరాళమిచ్చిన ఆయన భార్య లక్ష్మీనరసమ్మ పేరు ఎంతమందికి తెలుసు? నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారు 1928లో పెట్టిన ఆంధ్ర బాలికల పాఠశాల ఉంది. ఉస్మానియాలో బోధనంతా ఉర్దూలో కాబట్టి తెలుగులో చదివిన ఆ అమ్మాయిలు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయాల్సి వచ్చింది. స్థాపకుడి పేరు గోడ మీద ఉంది. పరాయి ఊరి పరీక్షకి కూర్చున్న ఆ పిల్లల పేర్లు ఎవరు రాసిపెట్టారు? నాంపల్లి వైపు వెళ్తే గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. సరోజినీ నాయుడి 1905 నాటి కవితా సంపుటి పేరే ఆ ఇంటికి పేరైంది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం అక్కడే మొదలైంది. ఒక స్త్రీ రాసిన పుస్తకం పేరుతో నిలబడ్డ ఇల్లు ఈ చుట్టుపక్కల నాకు ఇదొక్కటే తెలుసు.

1924లో మొదలైన ఉమెన్స్ కాలేజీ 1949లో రెసిడెన్సీలోకి వచ్చింది. పరదా చాటున ఒక స్త్రీ బొమ్మలో చూసిన భవనపు ముందు మెట్ల మీద వేలమంది ఆడపిల్లలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆ భవనం చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద ఘట్టం అదే. వారసత్వ కట్టడాల మీద వచ్చే పుస్తకాల్లో మాత్రం అది ఒక్క వాక్యం. షాండ్లియర్లకి మూడు పేజీలు!

ఇదంతా ఒకసారి నా ఎం.ఏ. విద్యార్థినులకి అక్కడే నిలబడి చెప్పాను. చెప్పడం బాగానే చెప్పాననుకున్నాను. అంతా విని ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, ఇంత పెద్దింట్లో బట్టలు ఎవరు ఉతికేవాళ్లు? వాళ్లు ఎక్కడుండేవాళ్లు?"

నా దగ్గర జవాబు లేదు. కిర్క్‌పాట్రిక్ కథ బదులు బేగం కథ చెప్పి చరిత్రని తిరగరాశాననుకున్నాను. కానీ నేను చేసింది ముందు గదిలోంచి వెనక గదిలోకి నడవడం మాత్రమే. వంటింట్లోకి, చాకిరేవు దగ్గరికి నేనూ వెళ్లలేదు. కూలిన రంగ్‌మహల్‌కి కనీసం ఒక పేరుంది. పేరు కూడా లేని గుడిసెలు కూలితే వాటి కోసం ఏడవడానికి మనకి ఒక మాట కూడా మిగల్లేదు. నా చదువు, నా కులం ఏ గదిలో నన్ను కూర్చోబెట్టాయో ఆ పిల్ల ప్రశ్న చూపించింది.

2022లో ఆ కాలేజీ తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచి తన భూమినీ పంటనీ కాపాడుకున్న ఐలమ్మ! వార్త చదివినప్పుడు నాకు ముందుగా ఆ అమ్మాయే గుర్తొచ్చింది. కంపెనీ చిహ్నం ఉన్న గుమ్మం మీదికి ఒక చాకలి స్త్రీ పేరు రావడం చిన్న విషయం కాదు.

అయితే పేరు పెట్టడంతో పని అయిపోదు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో ఏళ్ల తరబడి ఆ భవనాన్ని బాగుచేశారు, మంచిదే. సున్నం, చెక్క, రాయి ఎలా ఉండేవో తెలిసినవాళ్లు వాటిని తిరిగి నిలబెట్టగలరు. మనుషుల సంగతి మనమే చూసుకోవాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసింది ఆ పనే. ఊరూరా తిరిగి, పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే విన్నారు. కోఠీ ఇళ్లకి కూడా అటువంటి వినికిడి కావాలి. ఆ కాలేజీలో చదివినవాళ్లు, ఊడ్చినవాళ్లు, గేటు దగ్గర జామకాయలు అమ్మినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు తన నాయనమ్మ మాటల్ని రికార్డు చేస్తోంది. మొదటి టేపులో నలభై నిమిషాలు నీళ్ల గురించే ఉందట.