టీ ఎవరు తెచ్చారు? – కిలిమంజారో ఎక్కిన వాక్యాల గురించి

పోయిన ఏడాది కిలిమంజారో వెళ్లొచ్చాక అందరిలాగే నేనూ ఒక యాత్రాకథనం రాశాను. మచామే దారి, ఏడు రోజులు, రోజుకో భాగం. రాసింది ఒక ఫ్రెండ్‌కి పంపితే చదివి ఒకటే అడిగింది: "‘క్యాంపు చేరేసరికి టెంట్లు వేసి ఉన్నాయి, టీ వచ్చింది’ అని ఐదు చోట్ల రాశావు. టెంట్లు ఎవరు వేశారు? టీ దానంతట అదే నడిచొచ్చిందా?"

నవ్వేశాను. తర్వాత ఫైలు తెరిచి చూసుకుంటే నవ్వు రాలేదు.

ఈ వ్యాసం ఆ ఫైలు గురించి, అలాంటి బోలెడు ఫైళ్ల గురించి, వాటన్నిటికంటే ముందొచ్చిన ఒక ప్రసిద్ధ కథ గురించి.

*

కిలిమంజారో యాత్రాకథనం ఇప్పుడొక స్థిరపడిన ప్రక్రియ. ఏ భాషలో చదివినా అదే కథ. మొదటి రోజు 1,800 మీటర్ల దగ్గర గేటు, వానకారు అడవి, బురద. రెండో రోజు చెట్లు పొట్టివై, షిరా మైదానం. మూడో రోజు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కి, ఒళ్లు ఎత్తుకి అలవాటు పడటం కోసం మళ్లీ 3,900 దగ్గరికి దిగి పడుకోవడం. నాలుగో రోజు బరాంకో గోడ. తర్వాత కరంగా, ఆ తర్వాత బరాఫు. అర్ధరాత్రి తలకి లైటు కట్టుకుని బయల్దేరడం, వాంతులు, ఏడుపు, స్టెల్లా పాయింట్ దగ్గర సూర్యోదయం, చివరికి 5,895 మీటర్ల ఉహురు శిఖరం, అక్కడి బోర్డు దగ్గర ఫోటో. దిగిరావడం రెండు లైన్లు. ‘పోలె పోలె’ అంటే స్వాహిలిలో మెల్లగా అని అర్థం అనే వాక్యం ఎక్కడో ఒకచోట తప్పదు.

దీనికి రచయితని తప్పుపట్టలేం. ప్లాట్ కొండే ఇచ్చేస్తుంది. ఆరంభం, ఆరోహణ, పతాకసన్నివేశం అన్నీ రెడీమేడ్. శిఖరం మీద మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. అక్కడ ఎవరికైనా తన ఊపిరి తప్ప ఇంకేం వినిపించదు. అందుకే ఈ కథనాల్లో గాలి పలచబడే కొద్దీ ‘నేను’ చిక్కబడుతూ పోతుంది. ‘నన్ను నేను గెలిచాను’ అన్న దగ్గర ముగుస్తుంది.

అయితే ఈ కొండని ఎవరూ ఒంటరిగా ఎక్కరు. లైసెన్సున్న గైడ్ లేకుండా పార్కులోకి రానివ్వరు. మేం ఆరుగురం. మాతో వచ్చినవాళ్లు ఇరవై ఇద్దరు: గైడ్లు, వంటాయన, మిగతా అంతా పోర్టర్లు. గేటు దగ్గర తక్కెడ ఉంటుంది. ఒక పోర్టర్ మోసే బరువు 20 కిలోలు దాటకూడదని నిబంధన. టెంట్లు, గ్యాస్ సిలిండర్, కుర్చీలు, గుడ్ల అట్టలు, మా బట్టలు అన్నీ అక్కడ తూకం వేస్తారు. పొద్దున మేం బయల్దేరాక వాళ్లు టెంట్లు విప్పి, సర్ది, గంటలో మమ్మల్ని దాటేసి పోతారు. మేం చేరేసరికి ఊరు కట్టేసి ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు. కళ్లతో చూశాను. మరి ఫైల్లో ఎందుకు లేదు?

*

తెలుగు వాక్యంలో దాక్కోవడం సులువు అని నాకు అప్పుడు అర్థమైంది. కర్త లేకుండా మన వాక్యం హాయిగా నిలబడుతుంది. ఇంట్లో ‘వంటయింది’ అంటాం, ‘కాఫీ వచ్చింది’ అంటాం. వండిన మనిషి ఆ వాక్యంలో ఉండదు, ఉండాలని వ్యాకరణం అడగదు కూడా. తరతరాలుగా అమ్మలు అలా వాక్యాల్లోంచి మాయమవుతూనే ఉన్నారు. నా ఫైల్లోనూ అదే అలవాటు: టెంట్లు వేసి ఉన్నాయి, బ్యాగులు చేరిపోయాయి, వేడినీళ్లు వచ్చాయి. ఒకచోట ఏకంగా ‘టెంట్లు వేసుకున్నాం’ అని ఉంది. ఇది శుద్ధ అబద్ధం. ఆ ఏడు రోజుల్లో నేను ఒక్క మేకు కూడా కొట్టలేదు.

ఇంకోటి. తెలుగులో ‘ఎక్కాను’కి పక్కనే ‘ఎక్కించారు’ ఉంది. ఒక్క ప్రత్యయం తేడా. బరాంకో గోడ మీద ఒకచోట రాతిని కావలించుకుని, పొట్ట ఆనించి పక్కకి జరగాలి. నాకు కాలు పెట్టే చోటు దొరకలేదు. వెనక నుంచి వస్తున్న పోర్టర్, తల మీద సంచితో, ఒక చేత్తో నా బూటు పట్టుకుని ఒక గాటులో పెట్టాడు. ఏమీ అనలేదు. నేను జరిగాక నన్ను దాటి వెళ్లిపోయాడు. దీన్ని నేను ‘గోడ ఎక్కేశాను’ అని రాశాను. నిజాయితీగా అయితే ‘ఎక్కించారు’ అనాలి. కానీ ‘ఎక్కించారు’ అన్నాక చివర్లో ‘నన్ను నేను గెలిచాను’ అనలేం. ఒక ప్రత్యయం మొత్తం క్లైమాక్స్‌ని కూల్చేస్తుంది. అందుకే మనం రాయం.

*

కిలిమంజారో అనగానే గుర్తొచ్చే కథ హెమింగ్వేది, ‘ది స్నోస్ ఆఫ్ కిలిమంజారో’. 1936 ఆగస్టులో ఎస్క్వయర్ పత్రికలో వచ్చింది. ట్రెక్కింగ్ రాతలన్నీ మొదట్లో దీన్ని తలుచుకుంటాయి, ముఖ్యంగా మంచులో దొరికిన చిరుత కళేబరం ప్రస్తావనని. తమాషా ఏంటంటే ఈ కథలో కొండ ఎక్కడం లేదు. హెమింగ్వే కూడా కొండెక్కలేదు. 1933–34లో వేటకి వెళ్లాడు, జిగట విరేచనాలు పట్టుకుంటే చిన్న విమానంలో వైద్యానికి తీసుకెళ్లారు. కథలో హ్యారీ అనే రచయిత కాలు కుళ్లి, మైదానంలో మంచం మీద పడుకుని, రాయాల్సినవన్నీ రాయకుండానే పోతున్నానని లోపల్లోపల కాలిపోతుంటాడు. రాయకుండా మిగిలిపోయిన వాటి గురించి ఇంత గొప్ప కథ ఇంకోటి నేను చదవలేదు.

ఈసారి చదివినప్పుడు మాత్రం చూపు వేరే చోట పడింది. హ్యారీ విస్కీ సోడా అడిగితే తెచ్చే మోలో. పేరు ఉంది, పని ఉంది, అంతకుమించి లేదు. ఇంకొక డ్రైవర్ ఉన్నాడు. అతను ట్రక్కులో ఆయిల్ చూసుకోకపోవడం వల్లే ఇక్కడ ఇరుక్కుపోయామని హ్యారీ తిట్టుకుంటాడు. అంటే ఆఫ్రికన్ మనిషి ఈ కథలోకి ఒకసారి గ్లాసు పట్టుకుని, ఒకసారి తప్పు చేసి వస్తాడు.

చివరి ఘట్టం చూడండి. చావు గుండెల మీద ఎక్కి కూర్చుంటుంది. హ్యారీ మాట్లాడలేడు. నిద్రపోయాడనుకుని భార్య, మంచాన్ని మెల్లగా ఎత్తి టెంట్లోకి తీసుకెళ్లమని పనివాళ్లకి చెబుతుంది. వాళ్లు మంచం ఎత్తుతుండగా సరిగ్గా ఆ క్షణంలో హ్యారీ గుండెల మీది బరువు పోతుంది. తర్వాత తెల్లారుతుంది, విమానం వస్తుంది, తెల్లగా మెరిసే శిఖరం వైపు ఎగురుతాడు. అది మరణస్వప్నమని తర్వాత తెలుస్తుంది.

దశాబ్దాలుగా అందరం విమానం గురించే మాట్లాడుతున్నాం. నేనూ అంతే. కానీ హ్యారీని నిజంగా నేల మీంచి పైకి లేపినవాళ్లు ఆ పనివాళ్లు. బరువు దిగిందని అతనికి అనిపించినప్పుడు ఆ బరువు వాళ్ల చేతుల్లో ఉంది. హెమింగ్వే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టాడు. తెలిసే పెట్టాడేమో. అయినా కథ మళ్లీ వాళ్ల వైపు తిరగదు. 1952లో తీసిన సినిమాలో హ్యారీని బతికించేశారు గానీ, ఈ సంగతిలో సినిమా కూడా కథ దారే.

*

కథల్ని వదిలేసి చరిత్రలోకి వెళ్లినా ఇదే. 1889 అక్టోబర్ 6న జర్మనీకి చెందిన హాన్స్ మేయర్, ఆస్ట్రియాకి చెందిన లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ శిఖరం చేరారు. మేయర్ దానికి కైజర్ విల్హెల్మ్ పేరు పెట్టాడు, అక్కడి రాయి ఒకటి తీసుకెళ్లి కైజర్‌కి ఇచ్చాడు. ఆయన పుస్తకంలో మువిని అమాని అనే మనిషి కనబడతాడు. వాళ్లిద్దరూ మంచు మీదికి వెళ్తే, పై క్యాంపులో ఉండిపోయి నిప్పు చూసుకున్నది అతనే. కొండ కింద మరంగులో ఉండే చగ్గా జనం ఇంకొకరిని తలుచుకుంటారు: యోహాని కిన్యాల లావువో. మేయర్‌కి దారి చూపింది ఆయనే అంటారు. ఆయన ఎంత ఎత్తు దాకా వెళ్లాడన్నది ఇప్పటికీ వాదమే. వాదం తేలకపోవడానికి కారణం రాసింది ఒక్కళ్లే కావడం.

చగ్గా వాళ్లకి ఈ కొండ గురించి సొంత కథ ఉంది. కిబో, మవెంజి ఇరుగుపొరుగు కొండలు. మవెంజి పొయ్యి ఆరిపోతే నిప్పు అడగడానికి కిబో ఇంటికి వెళ్తుంది. మళ్లీ మళ్లీ వెళ్తుంటే విసిగిపోయిన కిబో చితక్కొడుతుంది. మవెంజి మొహం అందుకే అలా గాట్లు గాట్లుగా ఉంటుంది. ఈ కథలో ఎవరూ కొండెక్కరు. నిప్పు అడిగే పొరుగుంటుంది, విసుక్కునే పొరుగుంటుంది. మన ఊళ్లో చెప్పినా నప్పుతుంది.

1961లో స్వాతంత్ర్యం వచ్చాక కైజర్ పేరు తీసేసి శిఖరానికి ‘ఉహురు’ అని పెట్టారు, స్వేచ్ఛ అని. ఇప్పుడు మనం ఆ బోర్డు పక్కన నిలబడి దిగే ఫోటోలో, మనల్ని అక్కడికి చేర్చిన దేశపు మనిషి ఉండడు. కెమెరా పట్టుకునేది సాధారణంగా ఆయనే కాబట్టి.

*

మన భాషలో ఈ పని ఎవరైనా వేరేలా చేశారా అని చూస్తే, మొట్టమొదటి యాత్రా పుస్తకమే గుర్తొచ్చింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీ, బోయీలు. ఆయనకి సమానత్వం గురించి మనకున్న ఆలోచనలేం లేవు. కానీ తాను మోయించుకుని వెళ్తున్నానన్న సంగతి దాచుకోలేదు. దాచాలని తట్టనంత మామూలు విషయం అది ఆయనకి. మనకి సిగ్గుంది, అందుకే దాస్తున్నాం. దాచడం సిగ్గుకన్నా ఏ రకంగా మెరుగో నాకు తెలీడం లేదు.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వేసుకోవాలి. ‘నేను ఎక్కాను’ అన్న వాక్యం ఎవరు చెప్పినా ఒకటేనా? కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది. తరాల తరబడి బరువులు మోసిన మనుషుల్లోంచి వచ్చిన అమ్మాయి ‘ఎక్కాను’ అంటే, అందులో ‘నేను’ అనేది ఒక్క మనిషి కాదు. ఆ కర్తని వాక్యంలోకి తేవడమే ఒక పోరాటం. మరి నా ‘నేను’? దానికి ముందునుంచీ చోటు ఉంది. ఆఫీసు సెలవు, డాలర్లు, వీసా, అద్దెకి తెచ్చిన జాకెట్. ఆమె కష్టపడి సంపాదించుకున్న వాక్యాన్ని నేను ఊరికే అరువు తీసుకున్నాను.

అలాగని ప్రతి యాత్రాకథనం కూలీల నివేదిక కావాలని నేననడం లేదు. పేర్లు రాసేస్తే పాపం పోతుందనీ అనుకోవడం లేదు. మా ప్రయాణంలో ఇరవై రెండు పేర్లూ ఒక్కచోటే కనబడ్డాయి: చివరి రోజు టిప్పుల జాబితాలో, ఎదురుగా అంకెలతో. అది తెచ్చి ఫైల్లో అతికిస్తే సాహిత్యం అవదు. నా బూటు పట్టుకున్నతని పేరు నాకు ఆ జాబితా వల్లే తెలిసింది. ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే రాయొచ్చా అని అతన్ని అడగలేదు. గోడ మీద మాట్లాడుకోలేదు, కింద కూడా మాట్లాడుకోలేదు. అందరూ కలిసి ‘జాంబో బ్వానా’ పాడితే వీడియో తీసుకున్నాను.

నా అభ్యంతరం ముందు సాహిత్యపరమైనది. ఆ డ్రాఫ్టు చెడ్డది ఎందుకంటే, ఆ ఏడు రోజుల్లో జరిగిన అన్నిటికంటే ఆసక్తికరమైన విషయాలు అందులో లేవు. నా తలనొప్పి మూడు పేజీలు ఉంది. ఆ తలనొప్పితో నేను పడుకున్నప్పుడు పక్క టెంట్లో ఎవరు దేనికి అంత నవ్వుతున్నారో లేదు. హ్యారీ దుఃఖం ఇదే కదా, చూసినవి రాయలేదని. మనం దానికి ఇంకొంచెం కింద ఉన్నాం. చూడనేలేదు.

ఫ్రెండ్ ప్రశ్నకి జవాబు మాత్రం కొంత వెతికి పట్టుకున్నాను. బరాఫు అంటే స్వాహిలిలో మంచుగడ్డ. పేరు అదే గానీ ఆ క్యాంపులో నీళ్లు ఉండవు. చివరిసారి నీళ్లు దొరికేది కింద కరంగా లోయలో. అక్కడి నుంచి డబ్బాల్లో నింపుకుని, ఆరేడు వందల మీటర్ల ఎత్తు మోసుకురావాలి. శిఖరానికి బయల్దేరే ముందు, రాత్రి పదకొండింటికి, చలికి చేతులు వణుకుతుంటే నేను తాగిన అల్లం టీ ఆ నీళ్లతో పెట్టింది. సగం తాగి, వికారంగా ఉందని మిగతాది రాళ్ల మీద పారబోశాను.

ఫైల్లో ఆ భాగం ఇప్పుడు అక్కడి నుంచి మొదలవుతుంది.