ఆవ ఘాటు తెలిసిన చేతులు

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా ఎండాకాలమంటే తొక్కులు పెట్టే కాలం. కొల్లాపూర్ తీపి మామిడికి పేరు. తొక్కుకు మాత్రం టెంక ముదిరిన పుల్లటి కాయే కావాలి.

అసలు పనితనం ఆవపిండిలో ఉంది. ఘాటు కోరేవాళ్లు ఆవాలను వేయించరు, ఎండబెట్టి పచ్చివే దంచుతారు. నలిగిన గింజకు తడి తగలగానే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఆవాల్లోని సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొట్టి, ముక్కుకెక్కే ఘాటును పుట్టిస్తుంది. బాగా వేపితే ఆ ఎంజైమ్ పనిచేయదు. ఈ రసాయనశాస్త్రం చదవని ఆడవాళ్లు పల్లినూనె కాచి, చల్లార్చాకే పోస్తారు. కారం, మెంతిపిండి, పసుపు, ఎల్లిపాయ కలుపుతారు. ఆవ ఘాటు సూక్ష్మజీవులను అణచడంలో ఉప్పు, పులుపులకు తోడవుతుంది.

ఆవ నోరూరిస్తుంది, ఆకలి పుట్టిస్తుంది. సెలీనియం, మెగ్నీషియం ఉన్నా తినేది కొంచెమే కాబట్టి దాన్ని మందు అనలేం. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు చూసుకోవాల్సిందే.

మూడోనాడు జాడీలోని తొక్కును తిరగ కలిపి, రుచి చూసి, తక్కువైన ఉప్పు కలుపుతారు. త్రాసు లేకుండా చేసే ఆ సవరణే ఏడాది తొక్కును నిలబెడుతుంది.