జీస్ బెండ్ బొంతలు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, అలబామా నది వంపు తిరిగినచోట, జీస్ బెండ్ అనే పల్లె ఉంది. మూడు వైపులా నీరే. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి అక్కడ బానిసల చేత పత్తి సేద్యం ప్రారంభించాడు. 1845లో ఆ తోట మార్క్ పెట్వే చేతికి వచ్చింది. బానిసత్వం రద్దయింది గాని యజమాని ఇంటిపేరు మిగిలింది. నేటికీ ఆ ఊళ్లో ఎందరో పెట్వేలే. 1932లో అప్పిచ్చిన వర్తకుడు చనిపోగా అతని కుటుంబం పాలికాపుల పశువులనూ పనిముట్లనూ బాకీ కింద తోలుకుపోయింది.

ఆ ఊరి స్త్రీలు చలి కాచుకోవడానికి కుట్టిన బొంతలు 2002లో మొదట హ్యూస్టన్‌లోనూ, తరువాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. కొందరు విమర్శకులు వాటిని మతీస్, క్లేల చిత్రాలతో పోల్చారు. ఇది పొగడ్తే. కాని కొలబద్ద ఎవరిది? చిత్రకారుడితో పోల్చితే తప్ప శ్రామికస్త్రీ చేతిపని కళ కాకూడదా?

1942లో మిస్సోరీ పెట్వే కుట్టిన బొంతను చూడండి. భర్త చనిపోయాడు. అతని పొలంబట్టలు చింపి, ఆ ముక్కలతో, అతని జ్ఞాపకంగా కప్పుకోవడానికి కుట్టిందామె. ఇలాంటి బొంతల్లో జేబు ఊడదీసినచోట ముదురు రంగు మిగులుతుంది. తక్కినదంతా ఎండకూ ఉతుకుకూ వెలిసిపోతుంది. ఆ వర్ణభేదాన్ని సృష్టించింది కుంచె కాదు, శ్రమ.

అయితే వారసత్వం అంటే అనుకరణ అనుకోరాదు. 'ఇంటికప్పు' అనే నమూనాలో నడుమ చదరం, చుట్టూ పేలికల వరసలు. తల్లి నుంచి కూతురికి వచ్చేది ఇంతే. వరసను ఎక్కడ వంకర తిప్పాలో, ఏ రంగుతో తెంచాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. నమూనా అందరిదీ, నిర్ణయం ఒక్కరిది.

మన అభ్యుదయవాదులూ ఒక పొరపాటు చేస్తుంటారు. ఇలాంటి కళలో ఓర్పును చూసి ముగ్ధులవుతారు. ఓర్పును మెచ్చుకోవడం ఒక్కొక్కప్పుడు పేదరికాన్ని మెచ్చుకోవడమే అవుతుంది. జీస్ బెండ్‌ను నిలిపింది ఓర్పు ఒక్కటే కాదు. 1937లో ప్రభుత్వం ఆ తోటభూమిని కొని, 1940లలో దున్నేవారికే అమ్మింది. కాళ్లకింద నేల ఉన్నది గనుకనే ఊరు చెదరలేదు, సంప్రదాయం తెగలేదు. పౌరహక్కుల పోరాటకాలంలో, 1962లో, నది దాటించే బల్లకట్టు ఆగిపోయింది. అది తిరిగి నడిచింది 2006లోనే. అయినా వారు ఓటుహక్కు కోసం కదిలారు. 1966లో ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సహకారసంఘం పెట్టుకున్నారు. 2007లో కొందరు స్త్రీలు తమ బొంతల ఆదాయంలో న్యాయమైన వాటా దక్కలేదని కోర్టుకెక్కారు. 2008లో వ్యవహారం రాజీతో ముగిసింది.

ఈ దావాను కళకు మచ్చగా భావించినవారు బొంతను గోడమీద మాత్రమే చూచినవారు. కుట్టిన చేతికి అది మొదటినుంచీ పనే. పనికి హక్కు అడగడం ఆ కళకు వెలుపలి సంగతి కాదు, దాని కొనసాగింపే.