పల్నాటి వీరచరిత్ర: ఆటయు, పోరును

పలనాటి యుద్ధమునకు కోడిపోరు కారణమని వాడుక. శ్రీనాథునిదిగా ప్రసిద్ధికెక్కి, అక్కిరాజు ఉమాకాంతముగారి పరిష్కరణముతో 1911లో వెలువడిన మంజరీద్విపద కావ్యమును, దాని చుట్టు అల్లుకొన్న వీరగాథలను కలిపి పరిశీలించినచో ఈ అభిప్రాయము సవరింపదగియున్నదని మేము తలంచుచున్నాము.

కోడిపోరున ఓడిన మాచెర్లవారు పందెము చొప్పున రాజ్యము విడిచి ఏడేండ్లు వనవాసము చేసిరి. ఆ ఓటమి యుద్ధమును వాయిదా వేసినది. గడువు తీరినను గురజాల ప్రభువైన నలగామరాజు రాజ్యభాగ మీయకుండుటయు, రాయబారియైన అలరాజు చంపబడుటయు పోరునకు దారితీసినవి. ఆట నియమము తప్పినచోటనే యుద్ధము పుట్టినది. నేడు కంప్యూటరుపై వంతులవారీగా ఆడు కోటముట్టడి క్రీడలలో ఆ నియమమునకు యంత్రమే కాపు. గురజాల మాచెర్లల నడుమ అట్టి కాపు లేదు.

రెండవది బాలచంద్రుని బొంగరాలాట. బొంగరము తగిలి నొచ్చిన అన్నమ ఎత్తిపొడుపు అతనిని కార్యమపూడి రణరంగమునకు నడిపినది. ఇందు పందెము లేదు, గడువు లేదు. పెద్దల పందెపు బాకీని బాలుడు ప్రాణముతో తీర్చెను. ఈ కథను వట్టి వీరరసముగా బోధించినచో అందలి కరుణము విద్యార్థికి దక్కదు.